తీతువు వేసిన తాళం

ఇప్పలకోన అడవిలో తీతువు పిట్టకు అన్యాయం జరిగింది. ఎప్పుడంటారా? ఏరువాక పున్నమి వెళ్ళిన మర్నాడు, పొద్దు బారెడెక్కిన వేళ. చేసింది పులి కాదు, పాము కాదు. పాటలు చెప్పే కోయిల మాస్టారు. నలుగురూ చూస్తుండగా చేశాడు. ఆ నలుగురూ నవ్వారు కూడా.

ఇప్పలకోనలో ఏనుగులు, ఎలుగుబంట్లు, అడవిపందులు, ముళ్ళపందులు, కుందేళ్ళు, కప్పలు, కౌజుపిట్టలు, గోరింకలు, చిలకలు ఉండేవి. కోన మధ్యలో ఒక వాగు. వాగు ఒడ్డున పెద్ద తెల్లమద్ది చెట్టు. ఆ చెట్టు మీద పాటల బడి. దాన్ని అందరూ కొమ్మబడి అనేవారు.

ఆ చెట్టును బతికించేది కోన అంతా కలిసి. వేసవిలో వాగు నీళ్ళు మొదట్లోకి పారేలా అడవిపందులు కాలవ తవ్వేవి. చెదలు పడితే ఎలుగుబంట్లు వచ్చి ఊడ్చిపెట్టేవి. వేళ్ళను ఎవరూ కొరకకుండా ముళ్ళపందులు కాపలా కాసేవి. చాకిరీ అందరిదీ. పాట మాత్రం కొందరిది.

ఎందుకంటే బడిలో చేరడానికి ఒక నియమం ఉంది. కొమ్మ మీద కూర్చోవాలి. అంతే.

వినడానికి ఎంత చిన్న నియమం! ఎవరినీ రావద్దనలేదు కదా అంటారు. అవును, అనలేదు. మెట్లు లేని మేడ కట్టి, తలుపులు బార్లా తెరిచాం, ఎవరైనా రావచ్చు అన్నట్టుంది ఆ మర్యాద.

మన తీతువు పేరు నూకాలు. నేల మీద పుట్టింది. గులకరాళ్ళ మధ్య పెరిగింది. పొడుగాటి పచ్చ కాళ్ళు, కాలికి ముందు మూడు వేళ్ళు. వెనక వేలు లేదు. అలాంటి కాలు పరుగుకు భలేగా ఉంటుంది. కొమ్మను పట్టుకోడానికి మాత్రం పనికిరాదు.

నూకాలుకు పాటంటే ప్రాణం. రోజూ మద్దిచెట్టు కింద గడ్డిలో నిలబడి, పైన చెప్పే పాఠమంతా వినేది. పైన చిలకలు మర్చిపోయిన చరణం కింద నూకాలు నోట్లో ఉండేది. చెప్పేవాడు లేకుండా, చోటిచ్చేవాడు లేకుండా, అలా విని విని నేర్చుకుంది.

ఏరువాక పున్నమి మర్నాడు బడిలో కొత్తవాళ్ళను చేర్చుకుంటారు. ఆ పొద్దున నూకాలు ఈకలు దువ్వుకుంది. వాగులో కాళ్ళు కడుక్కుంది. ధైర్యంగా చెట్టు కిందికి వెళ్ళింది.

"మాస్టారూ, నన్ను బడిలో చేర్చుకోండి."

కోయిల మాస్టారు పై కొమ్మ నుంచి తొంగి చూశాడు. "అలాగేనమ్మా. మాకేం తేడాలు లేవు. పైకొచ్చి కూర్చో."

నూకాలు ఎగిరింది. కొమ్మ మీద వాలింది. వేళ్ళు జారాయి. రెక్కలు ఆడిస్తూ ఎలాగో నిలబడబోయింది. అంతలో ఒక గోరింక కావాలనే కొమ్మను ఊపింది. నూకాలు దభీమని కింద పడింది.

చెట్టంతా నవ్వింది.

"చూశావా? పాట తారస్థాయిలో ఉంటుంది. నీ స్థాయి నేల," అన్నాడు మాస్టారు. "పైగా నీది అపశకునపు కూత. నువ్వు కూస్తే ఎవరికో మూడిందంటారు. తొలకరి పండగ వస్తోంది. పండగ పూట ఆ గొంతు ఎవరిక్కావాలి?"

నూకాలు లేచింది. ఈకలకంటిన మట్టి దులుపుకుంది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అనాల్సింది లేక కాదు. తర్వాత అంది, అంతా కలిపి అంది. వినండి.

ముందు మాత్రం ఒక వెర్రిపని చేసింది. కోయిలలా మారిపోదామనుకుంది.

వాగు పక్కన గాలికి పడిపోయిన మొద్దు ఒకటుంది. పొద్దున్నే దాని మీద ఎక్కి నిలబడేది. జారేది. మళ్ళీ ఎక్కేది. తన కూత పూర్తిగా మానేసింది. మెడ సాగదీసి, కళ్ళు మూసుకుని, "కూ... కూ..." అని సాధన చేసేది.

ఒకరోజు గడ్డలు తవ్వుకుంటూ అడవిపంది అటు వచ్చింది. నూకాలు దాన్ని వదినా అని పిలిచేది. ఇద్దరివీ పక్కపక్క పొదలే.

"ఏమే నూకాలూ, గొంతులో ఏమన్నా అడ్డం పడిందా?"

"పాడుతున్నాను వదినా."

"అది పాటా? దగ్గనుకుని నీకోసం అడవి అల్లం తవ్వుతున్నానే! అది సరేగానీ, నీ కూత ఏమైంది? వారం నుంచి వినపడట్లేదు. నా పని సాగట్లేదు."

"నా కూతకీ నీ పనికీ సంబంధం ఏంటి?"

"ఏంటంటావేంటి! తి-త్తి-త్తీ-తూ అని నువ్వు కూస్తుంటే నా మూతి దానికి తగ్గట్టు తవ్వుతుంది. 'తి' అంటే మట్టి లేస్తుంది, 'తూ' అంటే గడ్డ బయటికొస్తుంది. నువ్వు మానేశావు. నాకు మెడ పట్టేసింది."

నూకాలు కళ్ళు పెద్దవి చేసింది. "అపశకునపు కూత కదా వదినా అది."

"ఎవరే అంది? నువ్వు కూశాక పాము వచ్చిందా, పాము వస్తుంటే చూసి నువ్వు కూశావా? పోయినేడు నీ కూత విని నా పిల్లలు పొదలో దూరాయి కాబట్టి ఇవాళ నా ప్రాణం తింటున్నాయి. ముందు చెప్పినవాళ్ళ మీదే నింద వేయడం ఈ కోనలో కొత్తా?"

అడవిపంది తవ్వుకుంటూ పోయింది. నూకాలు మొద్దు దిగి, ఇసుకలో నడుస్తూ, వారం తర్వాత తన కూత తాను కూసింది.

తి-త్తి-త్తీ-తూ.

కాళ్ళు వాటంతటవే కదిలాయి. ఒక్కో మాటకు ఒక్కో అడుగు. మళ్ళీ కూసింది. ఒక్క అడుగైనా అటూ ఇటూ పడలేదు. ఇన్నాళ్ళూ తను కూత అనుకున్నది ఏమిటో నూకాలుకు అప్పుడు తెలిసింది. అది తాళం! పుట్టుకతో వచ్చిన తాళం!

మొద్దు మీదకు మళ్ళీ ఎక్కలేదు.

మర్నాడు చెట్టు కింద నిలబడి కొమ్మబడిని కొత్త కళ్ళతో చూసింది. అప్పుడొక సంగతి పట్టుబడింది. పైన అందరికీ పాట వచ్చు, తాళం ఎవరికీ రాదు. ఎలా వస్తుంది? తాళం వేయడానికి కాలు కావాలి. వాళ్ళ కాళ్ళు కొమ్మను పట్టుకోడానికే సరిపోయాయి. అందుకే ఒకరు పల్లవిలో ఉంటే ఇంకొకరు చరణం ముగించేవారు. ఎవరి పాట వారికే ముద్దు. మొత్తం కలిపి వింటే సంత.

"శ్రుతి తల్లి, లయ తండ్రి అని రోజూ చెబుతారు మాస్టారు," అంది నూకాలు నవ్వుకుంటూ. "మరి ఈ బడికి తండ్రి ఏడీ?"

ఆ రోజే మద్దిచెట్టు మొదట్లో నేలబడి పెట్టింది. దూరంగా ఏ తుప్పల్లోనో పెట్టలేదు. సరిగ్గా చెట్టు నీడలోనే పెట్టింది. చెట్టంటే కొమ్మలొక్కటేనా? మొదలూ చెట్టే.

ముందు కౌజుపిట్ట పిల్లలు వచ్చాయి. తర్వాత ముళ్ళపంది వచ్చి, ముళ్ళు గలగలలాడించి, "దీన్ని చూసి అందరూ పారిపోతారు, ఇది కూడా పనికొస్తుందా?" అంది. "అది గజ్జెల మోత కదూ, కూర్చో," అంది నూకాలు. కప్పలు వచ్చాయి. అడవిపంది వదిన పిల్లలతో సహా వచ్చింది. చివరికి కుందేలు వచ్చి ఓ మూల నక్కింది.

"నేను పిరికిదాన్ని అక్కా. భయమేస్తే నా వెనక కాలు దానంతటదే నేలను కొట్టేస్తుంది. సిగ్గేస్తుంది."

"కొట్టుకోనీ," అంది నూకాలు. "ఆ దడనే వరసలో పెడదాం. 'తూ' దగ్గర కొట్టు చూద్దాం."

కుందేలు కొట్టింది. నేల దడ్ మంది. కౌజు పిల్లలు ఆనందంతో గంతులేశాయి. కుందేలు తన కాలు వంక తానే ఆశ్చర్యంగా చూసుకుంది, ఆ కాలు అప్పుడే మొలిచినట్టు.

నేలబడి రోజురోజుకూ నిండింది. పైన చిలకలు పాఠం మానేసి కిందికి తొంగి చూడసాగాయి. కోయిల మాస్టారికి కంగారు పుట్టింది. ఒకరోజు కింది కొమ్మ దాకా దిగి వచ్చాడు. గొంతులో తేనె పూసుకుని వచ్చాడు.

"నూకాలమ్మా, నీకో ఉపాయం ఆలోచించాను. నీ కాళ్ళను తీగతో కొమ్మకు కట్టిస్తాను. ఇక పడవు. నిన్ను బడిలో చేర్చుకుంటాను. ఈ మందను మాత్రం పంపెయ్."

"నన్నొక్కదాన్నేనా?"

"నిన్నొక్కదాన్నే! ఎంత గౌరవం! ఒక్క షరతు. పండగనాడు నోరు తెరవకు. మన బడిలో నేలపిట్ట కూడా ఉందని చూసేవాళ్ళకు కనిపిస్తే చాలు."

అప్పుడు అంది నూకాలు, దాచుకున్నదంతా.

"పండగ తోరణానికి మామిడాకు కట్టినట్టు నన్ను కొమ్మకు కడతారా మాస్టారూ? ఆకైతే మర్నాటికి ఎండుతుంది, తీసి పారేస్తారు. నేను ఆకును కాను. మీరు కాకమ్మ గూట్లో కళ్ళు తెరిచారు. ఆవిడ తెలిసి పెంచిందో, తెలియక పెంచిందో నాకు తెలీదు. మీ నోట్లో పురుగు పెట్టే ముందు 'నీ స్థాయి ఏంటి?' అని మాత్రం అడగలేదు. అడిగుంటే ఇవాళ మీకీ గొంతే ఉండేది కాదు. ఎవరో చోటిస్తే పాటగాడైన మీరు, ఇంకొకరికి చోటు అనేసరికి ఎందుకంత నొప్పి పడుతున్నారు? ఈ చెట్టు తాగేది మా వదిన తవ్విన కాలవ నీళ్ళు. మేం దయ అడగట్లేదు. మా చోటు మేం అడుగుతున్నాం. నేనొక్కదాన్నే పైకొస్తే సరిపోదు, బడి కిందికి రావాలి."

మాస్టారు రివ్వున ఎగిరి ఏనుగు పెద్దమ్మ దగ్గరికి పోయాడు.

ఏనుగు పెద్దమ్మ ఇప్పలకోనకు పెద్ద. ఆవిడ మాటే కోనకు మాట. వెదురు తోపులో నిలబడి తీరిగ్గా మేస్తోంది.

"పెద్దమ్మా, నేలబడి గోల భరించలేకపోతున్నాం. పండగ దగ్గరికొచ్చింది. నేలబడికి తాళం వేయించండి!"

ఇక్కడే ఉంది అసలు తమాషా. కోయిల మాస్టారు ఏటా కొన్నాళ్ళు ఊళ్ళ పక్క మామిడితోటల్లో గడిపి వస్తాడు. అక్కడ తలుపులుంటాయి. తలుపులకు తాళాలుంటాయి. బడి మూయించమని సూటిగా అనకుండా, ఊరి మాట ఒకటి తెచ్చి గొప్పగా వాడాడు. ఏనుగు పెద్దమ్మ పుట్టి బుద్ధెరిగి తలుపన్నది చూడలేదు. ఆవిడకు తెలిసిన తాళం ఒక్కటే.

"తాళమేగా, వేయించు నాయనా," అంది. "దానికి ఇంత ఆయాసం ఎందుకు?"

మాస్టారు పొంగిపోయి నక్కను చాటింపుకు పంపాడు. నక్క మద్దిచెట్టు దగ్గర నిలబడి గొంతు సవరించుకుంది.

"పెద్దమ్మ ఆజ్ఞ! నేలబడికి వెంటనే తాళం వేయాలి!"

కిందివాళ్ళు ఒక్కసారిగా కేరింతలు కొట్టారు. బొరియకు తలుపుంటుందా? పొదకు గడియ ఉంటుందా? వాళ్ళకూ తాళమంటే తాళమే.

"పెద్దమ్మే వేయమందటే!" అంది అడవిపంది. "మన బడి సంగతి అంత దూరం పోయిందన్నమాట!"

"వెంటనే అంటోంది, ఇంకా చూస్తారేం?" అంది నూకాలు. "అందుకోండి!"

తి-త్తి-త్తీ-తూ. నూకాలు ఎత్తుకుంది. కుందేలు కాలు దడ్ మంది. ముళ్ళపంది గలగలమంది. కప్పలు బెకబెకమన్నాయి. అడవిపంది నాలుగు గిట్టలతో నేలను మోగించింది. కౌజు పిల్లలు వరసగా పరిగెత్తాయి. ఆజ్ఞను ఇంత ఇష్టంగా పాటించిన వాళ్ళు ఆ కోనలో ఎప్పుడూ లేరు. ఆపండని నక్క అరిచింది. దాని అరుపు ఎవరికి వినపడుతుంది? కాసేపటికి నక్క తోక కూడా తాళానికి ఊగడం మొదలుపెట్టింది.

పొద్దు వాలేవేళకు ఏనుగు పెద్దమ్మ స్వయంగా వచ్చింది. తాళం ఆగిపోయింది. కోయిల మాస్టారు ముందుకు దూకాడు.

"చూడండి పెద్దమ్మా! మీ మాటంటే లెక్క లేదు! తాళం వేయమంటే..."

"వేస్తున్నారుగా."

"ఆ తాళం కాదు! తలుపు తాళం!"

"చెట్టుకు తలుపెక్కడిది అబ్బాయ్?"

పైనా కిందా కిసుక్కుమన్నారు. మాస్టారు మెడ ముడుచుకుని, "బడి మూయించమని నా ఉద్దేశం," అన్నాడు.

నూకాలుకు అప్పుడర్థమైంది. ఒక్క మాటతో బడి ఉంటుంది, ఒక్క మాటతో పోతుంది. అయినా తల దించలేదు. "పెద్దమ్మా, మూయించాలంటే మూయించండి. ఎందుకు మూయిస్తున్నారో మాత్రం ఈ పిల్లలకు మీరే చెప్పండి. నేను చెప్పలేను," అంది.

ఏనుగు పెద్దమ్మ తొండంతో చెవి తడుముకుంది.

"ముందు నా సంగతి చెబుతాను," అంది. "ఏళ్ళ తరబడి కొమ్మబడి పాట నాకు వినపడటం లేదు. చెవులు మందగించాయి, దగ్గరి మాట తప్ప అందదు. పండగనాడు అందరూ తలూపితే నేనూ ఊపాను. చెప్పుకోడానికి సిగ్గేసింది. ఇవాళ వెదురు తింటుంటే అరికాళ్ళకు పాట వినపడింది."

"కాళ్ళకా?" అన్నాయి చిలకలు.

"ఏనుగులకు నేల కూడా చెవే. కొండవతల నా చెల్లెలి మంద కూడా వినే ఉంటుంది. అబ్బాయ్ కోయిలా, నీ పాట ఎంత గొప్పదైనా ఈ నీడ దాటట్లేదు. తొలకరి పండక్కి కొమ్మా నేలా కలిసి పాడండి. ఆ తర్వాత ఏం చేయాలో చెబుతాను."

"మాకు తాళం అక్కర్లేదు," అన్నాడు మాస్టారు. "కొమ్మ పాట కొమ్మదే. మేమే పాడతాం."

"నీ ఇష్టం," అంది పెద్దమ్మ.

తొలకరి పండగ రానే వచ్చింది. కోన కోనంతా మద్దిచెట్టు చుట్టూ చేరింది. కొమ్మబడి పాట ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే పడమటి గాలి లేచింది.

కొమ్మలు ఊగాయి. పాడేవాళ్ళు కొమ్మను పట్టుకోవాలా, పాటను పట్టుకోవాలా? చిలకలు చరణం మింగేశాయి. గోరింకలు పల్లవినే మళ్ళీ మళ్ళీ పాడాయి. మాస్టారు అందరినీ దారిలో పెడదామని గొంతు పెంచాడు. ఇంకా పెంచాడు. తారస్థాయి దాటిపోయాక గొంతు చీలింది. ఎలుగుబంటి ఒకటి చెవులు మూసుకుంది.

అప్పుడు కింద నుంచి వినపడింది.

తి-త్తి-త్తీ-తూ.

దడ్. గలగల. బెకబెక. దడ్.

గాలి ఎంత వీచినా నేల ఊగలేదు. నేల మీద పడిన తాళమూ ఊగలేదు. అందరికంటే ముందు దిగి వచ్చింది ఎవరనుకున్నారు? కొమ్మను ఊపిన ఆ గోరింకే.

"అక్కా, కింద కాస్త చోటుందా?" అంది, నేల చూపులు చూస్తూ.

దెప్పడానికి నూకాలు నాలుక మీద పది మాటలు వచ్చాయి. తొమ్మిది మింగింది. "రా. ఇక్కడ ఎవరూ ఊపరు," అంది.

దాని వెనక చిలకలు దిగాయి. కొందరు కింది కొమ్మల మీదే ఉండి, కింది తాళం వింటూ పైనుంచి పాడారు. చెదిరిన పాట ఒక్కొక్క పోగే వచ్చి అతుక్కుంది. పైన పాట, కింద తాళం, మధ్యలో వాన. ఏనుగు పెద్దమ్మ కళ్ళు మూసుకుని ఒక కాలు నేలకు గట్టిగా ఆనించి నిలబడింది. ఈసారి ఆవిడ తల ఊపింది, ఎవరినీ చూసి కాదు.

చిటారు కొమ్మ మీద కోయిల మాస్టారు ఒక్కడే మిగిలాడు. తడిసి ముద్దయ్యాడు. ఆయన పాడుతున్నాడో మానేశాడో పట్టించుకున్నవాళ్ళు లేరు.

పాట ముగిశాక పెద్దమ్మ తీర్పు చెప్పింది. "పాట నేర్చుకోడానికి ఇకనుంచి ఎవరూ కొమ్మ ఎక్కనక్కర్లేదు. ఈ చెట్టు కొమ్మ ఎంత బడో, నీడపడే నేలా అంతే బడి. కొమ్మవాళ్ళు తాళం నేర్చుకోవాలి, నేలవాళ్ళు పాట నేర్చుకోవాలి. తాళం చెప్పేది నూకాలు. తాళం రానివాళ్ళు ఇక్కడ పాఠం చెప్పడానికి వీల్లేదు."

తాళం రాని మాస్టారు కిందికి దిగక తప్పలేదు. కౌజు పిల్లల వరసలో, బురదలో కాళ్ళు పెట్టి నిలబడ్డాడు.

"మాస్టారూ, 'తూ' దగ్గర కాలు వేయాలి! మళ్ళీ తప్పారు!" అంది ఒక పిల్ల.

"మెల్లగా చెప్పండే," అంది నూకాలు. "ఆయనకు నేల కొత్త."

వాన వెలిశాక వడ్రంగిపిట్ట వచ్చింది. కొమ్మ నియమం రద్దయిన రోజును మద్దిచెట్టు మొదట్లో, కౌజు పిల్లలకు కూడా అందేంత కిందుగా, ముక్కుతో చెక్కింది: ఆషాఢ బహుళ సప్తమి, గురువారం.

నీతి: నీ గొంతును ముందు నువ్వు ఒప్పుకుంటే, నీ చోటు అడగడానికి నోరు దానంతటదే వస్తుంది; అందరికీ అందని కొమ్మ మీద పెట్టిన బడి మొదటి గాలికే చెదురుతుంది.